పొట్టు బకెట్‌లోకి, దుమ్ము ముక్కులోకి: ఇంటి వడ్రంగి షెడ్డులో గాలి లెక్క

కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. చేటలోంచి జారిన గట్టి గింజ కాళ్ల దగ్గరే కుప్ప పడుతుంది. తాలు రెండు గజాల అవతల పడుతుంది. నూగు, దుబ్బ ఎక్కడ పడ్డాయో ఎవరూ చూడరు. సాయంత్రం ఒళ్లంతా దురద పెట్టినప్పుడు తెలుస్తుంది అవి ఎటు పోయాయో. ఇప్పుడు కొనుగోలు కేంద్రాల్లో చేట బదులు ప్యాడీ క్లీనర్లు తిరుగుతున్నాయి గానీ జరిగేది అదే. బరువైనది దగ్గర పడుతుంది, తేలికది దూరం పోతుంది, అన్నిటికంటే సన్ననిది గాలిలోనే ఉండిపోతుంది.

హనుమకొండలో మా ఇంటి వెనక పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న రేకుల షెడ్డు ఉంది. ఆఫీసు నుంచి వచ్చాక, ఆదివారాలు అందులో చెక్కపని చేసుకుంటాను. కూల్చేసిన పెంకుటిళ్ల దూలాలు, దర్వాజలు కొనితెచ్చి స్టూళ్లు, అల్మారాలు చేయడం నా సరదా. చేతి రంపం, ఉలి, రందాలతో ఉన్నంతకాలం దుమ్ము సంగతి పట్టించుకోలేదు. రందా పడితే వచ్చేది చుట్టలు చుట్టుకున్న పేడు, ఊడ్చి పారేస్తే సరి. కరెంటు మిషన్లు కొన్నాకే తుమ్ములు మొదలయ్యాయి. శాండర్ (గరుకు కాగితంతో చెక్కను నునుపు చేసే మిషన్) పట్టుకున్న రోజు రాత్రి ముక్కు చీదితే టేకు రంగు వచ్చేది. ఆరేసిన బట్టల మీద పసుప్పచ్చ పొడి చూసి మా ఆవిడ షెడ్డుకు తాళం వేస్తానంది.

అప్పుడు నేను చేసింది అందరూ చేసే పనే. వీడియోలు చూసి, పెయింట్ బకెట్ మీద ప్లాస్టిక్ సైక్లోన్ (గాలిని గిరగిరా తిప్పి పొట్టును కిందికి దించే గరాటా) బిగించి, దానికి వ్యాక్యూమ్ క్లీనర్ తగిలించాను. రెండు రోజుల్లో బకెట్ సగం నిండింది. గర్వంగా ఫొటో తీసి మిత్రులకు పంపాను. తుమ్ములు మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

బకెట్‌లో పడేది గింజ, తాలు మాత్రమే. నన్ను తుమ్మించేది నూగు.

చిటికెడులో మూడో వంతు

దుమ్మును మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రంపం కింద రాలే పొట్టులో కంటికి కనిపించే రేణువులు 100 మైక్రాన్లు, ఆపైన ఉంటాయి. అవి ముక్కు వెంట్రుకల దగ్గరే ఆగుతాయి, చీదితే పోతాయి. 10 మైక్రాన్లు దాటనివి గొంతు దిగి లోపలికి వెళ్లగలవు. రెండు మూడు మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి.

అవి గాలిలో ఎంతసేపు ఉంటాయన్నది ఇంకా ముఖ్యం. గాలి కదలకుండా ఉందనుకుందాం. నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు నుంచి 100 మైక్రాన్ల రేణువు ఐదారు సెకన్లలో నేల మీద పడుతుంది. 10 మైక్రాన్లది పడడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్‌ది పగలు వదిలితే రాత్రికి దిగుతుంది, దాదాపు పన్నెండు గంటలు. పైన ఫ్యాను తిరుగుతుంటే అసలు దిగదు. మిషన్ ఆపిన ఐదు నిమిషాలకు షెడ్డు తేటగా కనిపిస్తే పని అయిపోయిందనుకుని మాస్క్ తీసేసేవాణ్ని. అది ఎంత తప్పో ఈ లెక్క చూశాక అర్థమైంది.

చెక్క దుమ్మును తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో వెలువరించిన నివేదికలో చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల, సైనస్ గదుల్లో వచ్చే అరుదైన క్యాన్సర్‌తో దీనికి సంబంధం ఉంది. ఏళ్ల తరబడి రోజంతా దుమ్ములో పనిచేసిన కార్మికులను గమనించి చెప్పిన మాట అది. ఆదివారం వడ్రంగి భయపడిపోవాల్సిన పని లేదు. టేకు పొడి కొందరి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుందన్నది కూడా పాత సంగతే. చెక్క నూగును జిగురుతో అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ పలకను కోస్తే చెక్కతోపాటు దాన్ని అంటించిన ఫార్మాల్డిహైడ్ జిగురు పొడి కూడా వస్తుంది.

బ్రిటన్‌లో గట్టి కలప దుమ్ముకు పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు. నా షెడ్డు ఎత్తు కూడా పది అడుగులే. అంటే 1,200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. 34ను 3తో హెచ్చిస్తే 102 మిల్లీగ్రాములు. గ్రాములో పదో వంతు. రెండు వేళ్లతో తీసే చిటికెడు ఉప్పు దాదాపు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. చిటికెడులో మూడో వంతు సన్నని పొడి తేలుతూ ఉంటే చాలు, షెడ్డు ఆ గీతను తాకినట్టే.

ఇప్పుడు బకెట్ దగ్గరికి వద్దాం. లెక్క కోసం ఒక రోజు ఐదు కిలోల పొట్టు వచ్చిందనుకుందాం. మన యంత్రం నూటికి 99 పాళ్లు పట్టింది, అంతకన్నా ఏం కావాలి? మిగిలిన ఒక్క పాలు 50 గ్రాములు. అదంతా గాలిలోనే ఉండదు, చాలావరకు నేల మీద పడుతుంది. కానీ తప్పించుకున్న ఆ ఒక్క పాలులో ఎక్కువగా ఉండేవి సన్నని రేణువులే, బరువైనవి ముందే బకెట్‌లో పడ్డాయి కాబట్టి. దుమ్ము యంత్రాన్ని అది పట్టిన పొట్టు బరువుతో కొలవకూడదనేది ఇందుకే.

చెరువు తూము, బోరు మోటారు

సైక్లోన్ కంటే ముందు నేను చేసిన తెలివితక్కువ ప్రయోగం ఒకటుంది. మూలన పడ్డ పాత కూలర్ ఫ్యానును ప్లైవుడ్ పెట్టెలో బిగించి, పెట్టెకు 4 అంగుళాల పైపు తగిలించాను. పైపు లేకుండా ఆ ఫ్యాను ముందు కాగితాలు నిలిచేవి కావు. పైపు పెట్టాక చివర్లో అరచేయి అడ్డం పెడితే దీపం కూడా ఆరనంత గాలి. మోటారు కాలిపోయిందేమోనని తీసుకెళ్తే, వైండింగ్ చేసే ఆయన రెండు నిమిషాలు తిప్పి చూసి, బాగానే ఉందని నవ్వి పంపించాడు.

గాలిని కదిలించే యంత్రానికి రెండు గుణాలుంటాయి: ఎంత గాలి ఇస్తుంది, ఎంత అడ్డును తట్టుకుని ఇస్తుంది. పాకాల చెరువు తూము ఎత్తితే కాలువ నిండా నీళ్లొస్తాయి, కానీ ఆ నీళ్లు ఒక్క అడుగు మెరక ఎక్కవు. బోరు మోటారు పోసేది రెండంగుళాల ధారే, అయినా 300 అడుగుల లోతు నుంచి లాగుతుంది. కూలర్ ఫ్యాను తూము లాంటిది. ఎదురు లేనంతసేపే దాని ప్రతాపం. పైపు, వంపు, ఫిల్టర్ ఏది అడ్డం వచ్చినా రెక్కలు గాలిని అక్కడికక్కడే కలియతిప్పుతాయి. వ్యాక్యూమ్ క్లీనర్ బోరు మోటారు లాంటిది. నీటిని ఎంత ఎత్తుకు లాగగలదో ఆ లెక్కలో చెప్పాలంటే 1,500 నుంచి 2,000 మిల్లీమీటర్ల పీడనంతో లాగుతుంది, కానీ ఇచ్చే గాలి నిమిషానికి వంద ఘనపు అడుగులకు అటూఇటూ. దీన్నే సీఎఫ్ఎమ్ అంటారు. ఈ రెంటికీ మధ్య కాలువ గట్టున పెట్టే మోనోబ్లాక్ మోటారు లాంటిది బ్లోయర్. ఒక హార్స్‌పవర్ బ్లోయర్ 150, 200 మిల్లీమీటర్ల పీడనం దగ్గరే ఆగిపోతుంది గానీ, దారి సాఫీగా ఉంటే నాలుగైదు వందల సీఎఫ్ఎమ్ ఇస్తుంది.

ఇందులో ఏది కావాలన్నది మీ దగ్గరున్న మిషన్ చెబుతుంది. శాండర్, జిగ్‌సా, రూటర్, చేతి కట్టర్లకు చిన్న మూతి ఉంటుంది. దానికి సన్న గొట్టంలో గట్టిగా లాగే వ్యాక్యూమే సరి. టేబుల్ సా, కరెంటు ప్లేనర్ బల్లకు పెద్ద మూతి, బస్తాల కొద్దీ పేడు. అక్కడ వ్యాక్యూమ్ పెడితే పది నిమిషాల్లో గొంతు పూడుకుపోతుంది. అక్కడ బ్లోయర్ కావాలి. ఒకే యంత్రంతో రెండూ చేద్దామనుకున్న ప్రతిసారీ నా డబ్బు వృథా అయింది.

పైపు సైజు దగ్గర మరో తిరకాసు ఉంది. చెక్క పొట్టు పైపులో కింద పడకుండా కొట్టుకుపోవాలంటే గాలి నిమిషానికి సుమారు 4,000 అడుగుల వేగంతో పోవాలి, అంటే సెకనుకు 20 మీటర్లు. 4 అంగుళాల పైపులో ఆ వేగం రావాలంటే 350 సీఎఫ్ఎమ్ కావాలి. 6 అంగుళాల పైపుకైతే 785. 2 అంగుళాల పైపుకు 87 చాలు. వ్యాక్యూమ్ ఇచ్చేది వందకు అటూఇటే కాబట్టి దానికి 2 అంగుళాల పైపే జోడీ. పెద్ద పైపు వేస్తే మంచిదే కదా అని 4 అంగుళాలది వేస్తే గాలి వేగం నాలుగో వంతుకు పడిపోయి పొట్టంతా పైపులోనే పేరుకుంటుంది. అలాగని మరీ సన్నం చేయకూడదు. పోయే గాలి అంతే ఉండి పైపు వ్యాసం సగమైతే రాపిడి నష్టం దాదాపు 32 రెట్లు అవుతుంది. వ్యాక్యూమ్‌తో వచ్చే ముడతల గొట్టం ఇంకా ఎక్కువ తింటుంది. అందుకే ముడతల గొట్టాన్ని మిషన్ కదలడానికి కావలసినంతే ఉంచి, మిగతా దూరం నున్నటి పీవీసీ పైపు వేయాలి.

ఊదుగొట్టంతో పీల్చి చూడండి

కట్టెల పొయ్యి ఊదినవాళ్లకు తెలుసు, ఊదుగొట్టంతో మూరెడు దూరంలో ఉన్న నిప్పును రాజేయవచ్చు. అదే గొట్టంతో పీల్చి బూడిదను లాగమంటే ఒక్క రవ్వ కదలదు. ఊదిన గాలి ఒక దారిలో పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. గొట్టం మూతి నుంచి దాని వ్యాసమంత దూరం జరిగితే చాలు, అక్కడ లాగే వేగం మూతి దగ్గరున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. 2 అంగుళాల గొట్టాన్ని మిషన్‌కు జానెడు దూరంలో వేలాడదీసి దుమ్ము పోతుందనుకోవడం భ్రమ.

దీనికి తోడు మిషన్ దుమ్మును ఊరికే వదలదు, విసురుతుంది. మన దగ్గర వడ్రంగి పని చేసేవాళ్లలో చాలామంది రాళ్లు కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌కే చెక్క బ్లేడు వేసి వాడతారు. 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే పళ్ల అంచు వేగం గంటకు 250 కిలోమీటర్ల దాకా వస్తుంది. కాజీపేట మీదుగా పోయే ఏ ఎక్స్‌ప్రెస్‌కూ అంత వేగం లేదు. అలా విసిరిన పొడిని పక్కనుంచి పీల్చి వెనక్కి తెచ్చే వ్యాక్యూమ్ లేదు. అది పోయే దారిలోనే మూతి పెట్టి పట్టాలి. (చెక్కకు ఆ కట్టర్ వాడడమే ప్రమాదం. దానికి కింద మూసుకునే గార్డు ఉండదు, చెక్కలో ఇరుక్కుంటే చేతిలోంచి ఎగురుతుంది. చెబితే మా కాలనీ మేస్త్రి అన్న ఇరవై ఏళ్ల నుంచి వాడుతున్నానంటాడు. ఆయన ఎడమచేతి బొటనవేలి గోరు సగమే ఉంటుంది.)

అందుకే బకెట్లకు, సైక్లోన్లకు పెట్టే శ్రద్ధలో సగమైనా మూతి మీద పెట్టాలంటాను. నా కట్టర్‌కు బ్లేడు వెనక భాగాన్ని కప్పేలా ప్లాస్టిక్ డబ్బా ముక్క కోసి బిగించి దానికి గొట్టం తగిలించాను. ఖర్చు రూపాయి లేదు. సైక్లోన్ కంటే దానివల్లే ఎక్కువ తేడా కనిపించింది. శాండర్‌కు ఆ బాధ లేదు. కింద కాగితానికి రంధ్రాలుంటాయి, వాటిలోంచే పీల్చుకుంటుంది. కాగితం రంధ్రాలు, మిషన్ రంధ్రాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేలా అంటిస్తే చాలు. ఈ చిన్న సంగతి తెలియక ఎంతకాలం అడ్డదిడ్డంగా అంటించానో.

రైస్ మిల్లు నెత్తి మీది గరాటా

పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు పోతే రైస్ మిల్లుల కప్పుల మీద రేకు గరాటాలు కనిపిస్తాయి. పైన డోలు లాగా, కింద సన్నబడుతూ. అవే సైక్లోన్లు. తవుడు మోసుకొచ్చే గాలి డోలు పక్కనుంచి అంచు వెంబడి లోపలికి దూసుకొచ్చి గిరగిరా తిరుగుతుంది. బరువైనది గోడకు తగిలి వేగం పోయి కిందికి జారుతుంది. తేలికైన గాలి మధ్యలోంచి పైకి లేచి బయటికి పోతుంది. తూర్పారబట్టడాన్ని గుండ్రంగా చుట్టినట్టన్నమాట. ట్రాక్టర్ బానెట్ మీద గాలి పీల్చే గొట్టానికి ఉండే ప్లాస్టిక్ గిన్నె కూడా ఇదే పని చేస్తుంది. దుక్కి దున్నిన సాయంత్రం డ్రైవర్ ఆ గిన్నె తీసి దుబ్బ దులపడం చూసే ఉంటారు. గిన్నె ఉంది కదా అని ఎవరూ లోపలి ఎయిర్ ఫిల్టర్ తీసేయరు. గిన్నెది బరువు దించే పని, ఇంజిన్‌ను కాపాడేది ఫిల్టర్.

మన బకెట్ సైక్లోన్ కూడా అంతే. చిన్న సైక్లోన్లు పెద్ద రేణువులను దాదాపు అన్నిటినీ దించేస్తాయి. పది మైక్రాన్ల కిందికి పోయేకొద్దీ వాటి పట్టు సడలుతుంది. అవి గాలితోపాటు వ్యాక్యూమ్‌లోకి పోతాయి. సైక్లోన్ వల్ల లాభం ఏమిటంటే వ్యాక్యూమ్ ఫిల్టర్ త్వరగా పూడుకోదు, అందువల్ల లాగే బలం తగ్గదు. అది చిన్న లాభం కాదు. కానీ ఊపిరికి సంబంధించిన పని ఇంకా మిగిలే ఉంది.

కట్టుకోవడం కష్టమేమీ కాదు. నాకు పాత వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ 3,500 రూపాయలకు దొరికింది. ప్లాస్టిక్ సైక్లోన్ 1,200. ఇంటికి రంగులు వేసిన పెయింటర్ 20 లీటర్ల బకెట్లు రెండు ఊరికే ఇచ్చాడు. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, బెండ్లు, రెడ్యూసర్లు, క్లిప్పులు కలిపి 900. గొట్టాలకు, సిలికాన్‌కు ఇంకొంత. ఆరున్నర వేలు దాటలేదు. వరంగల్ చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ షాపుకు వెళ్లేటప్పుడు సైక్లోన్‌ను, వ్యాక్యూమ్ గొట్టం చివర ముక్కను చేతిలో పట్టుకుపోండి. మన పీవీసీ పైపు సైజు బయటి వ్యాసంతో చెబుతారు, సైక్లోన్ మూతి ఇంకేదో కొలతలో ఉంటుంది. కాగితం మీద రాసుకుపోతే రెండోసారి తిరగాల్సిందే. కొంచెం వదులైతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టాలి, బిగుతైతే పైపు చివర వేడి చేసి వెడల్పు చేయాలి.

బెండ్లు కొనేటప్పుడు 90 డిగ్రీల ఎల్బో వద్దు. 45 డిగ్రీలవి రెండు కలిపి, మధ్యలో జానెడు పైపు పెడితే మలుపు సాఫీగా ఉంటుంది. పాయ తీయాలంటే టీ బదులు వై వాడాలి, దాని కొమ్ములోంచి వచ్చే గాలి పెద్ద పైపులో గాలి పోయే వైపే ఏటవాలుగా కలవాలి. బాత్రూమ్ లైన్లు వేసే ప్లంబర్‌కు ఇది చెప్పక్కర్లేదు. మలం అయినా పొట్టు అయినా ఇరుక్కునేది అక్కడే అని ఆయన మాట.

రెండు చోట్ల దెబ్బ తిన్నాను. మొదటిది బకెట్. గొట్టం మూతికి గుడ్డ ముక్క అడ్డం పడగానే బకెట్ ఫట్‌మని లోపలికి నలిగిపోయింది. బోరు మోటారు అన్నాను కదా, దాని బలం అది. ఒక బకెట్‌లో ఇంకోటి దూర్చి, లోపల 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రింగు బిగిస్తే ఆగింది. రెండోది మూత. సైక్లోన్ కింది భాగంలో గాలి లోపలికే లాగబడుతుంది. మూతలో సన్న చీలిక ఉన్నా బయటి గాలి దూరి, కింద పడిన పొట్టును మళ్లీ పైకి లేపి వ్యాక్యూమ్‌లోకి పంపిస్తుంది. వారం రోజులు సైక్లోన్‌నే తిట్టుకున్నాను. చివరికి షెడ్డు శుభ్రంగా ఊడ్చి, వ్యాక్యూమ్ నడిపిస్తూ అతుకుల పక్కన అగరబత్తి తిప్పితే దొరికింది. ఒక చోట పొగ చటుక్కున లోపలికి వంగింది. సిలికాన్ పూస్తే పోయింది.

సైక్లోన్ కొనదలచుకోకపోతే థీన్ బఫిల్ అని ఒకటుంది. డబ్బా లోపల మూతకు కొంచెం కింద గుండ్రటి ప్లైవుడ్ పలక అమర్చి, దాని అంచు వెంబడి 240 డిగ్రీల మేర 28 మిల్లీమీటర్ల సందు కోస్తారు. గాలి పలక మీద తిరుగుతుంది, పొట్టు సందులోంచి కిందికి జారుతుంది. ఎత్తు తక్కువ ఉన్నచోట పనికొస్తుంది.

టేబుల్ సా, ప్లేనర్ ఉన్నవాళ్లు బ్లోయర్‌తో పెద్ద సైక్లోన్ చేయించుకోవాలనుకుంటే, కూలర్లు తయారుచేసే రేకు షాపు వాళ్లు జీఐ రేకుతో వంచి ఇస్తారు. కొలతలు మాత్రం మీరే ఇవ్వాలి. మిల్లుల్లో ఎప్పటినుంచో నడుస్తున్న నిష్పత్తి ఒకటుంది. డోలు వ్యాసం 14 అంగుళాలు అనుకుంటే గాలి వచ్చే మూతి 7 అంగుళాల ఎత్తు, మూడున్నర వెడల్పు. పైకి పోయే గొట్టం 7 అంగుళాల వ్యాసం, అది డోలు లోపలికి దాదాపు 9 అంగుళాలు దిగాలి. డోలు పొడవు 28, గరాటా పొడవు 28. అడుగు రంధ్రం లెక్క ప్రకారం మూడున్నర అంగుళాలే గానీ, ప్లేనర్ పేడు అక్కడ గూడు కడుతుంది కాబట్టి ఐదారు అంగుళాలు ఉంచుకోవాలి. ఒక హార్స్‌పవర్ బ్లోయర్‌కు ఇంతకన్నా చిన్న సైక్లోన్ చేయించవద్దు. సైక్లోన్ ఎంత సన్నమైతే అంత బాగా వేరు చేస్తుంది, నిజమే, కానీ ఆ తిప్పుడుకే బ్లోయర్ బలమంతా అయిపోయి మిషన్ దగ్గర గాలి ఉండదు.

గోడ అవతల

ఇక ఆ నూగు సంగతి. నేను చూసిన వీడియోలన్నీ చలిదేశాలవి. అక్కడ గది వేడి చేసుకోవడానికి డబ్బు పోస్తారు కాబట్టి గాలిని బయటికి వదలలేరు. అందుకే అతి సన్నని దుమ్మును కూడా ఆపే ఖరీదైన హెపా ఫిల్టర్లతో వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతారు. వాళ్ల సమస్యకు పరిష్కారాన్ని నేను రేకుల షెడ్డులో పెట్టబోయాను. వరంగల్‌లో మనం గదిని ఎప్పుడు వేడి చేశాం? ఏప్రిల్ వస్తే షెడ్డులో గాలి బయటికి పోతేనే ప్రాణం లేచొస్తుంది.

గోడకు రంధ్రం చేసి సైక్లోన్‌ను లోపల, వ్యాక్యూమ్‌ను బయట చూరు కింద పెట్టాను. ఏడాది తుమ్ములు ఆ రోజుతో తగ్గాయి. మామూలు ఫిల్టర్‌లోంచి తప్పించుకునే సన్నని పొడి షెడ్డు బయటే వెళ్లిపోతుంది. చెవులకు హోరు కూడా తగ్గింది. వాన తగలకుండా పైన రేకు ముక్క, మోటారు వేడెక్కకుండా చుట్టూ ఖాళీ ఉండాలి. ఇంతకు మించి ఖర్చు లేదు. ఒకటే జాగ్రత్త, గాలి వదిలే మూతి పక్కింటివాళ్ల వడియాల వైపు ఉండకూడదు. మాది మొదట అటే ఉండేది. పక్కింటి పెద్దమ్మ ఏమీ అనలేదు, వడియాలు ఆరబెట్టే చోటు మార్చింది. మర్నాడే నేను పైపు తిప్పేశాను. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే బయటికి వదలడం కుదరదు. అప్పుడు హెపా ఫిల్టర్ కొనాల్సిందే. పాత చీర, జీన్సు గుడ్డ సంచులు పొట్టును ఆపుతాయి గానీ నూగును చిమ్మి గదంతా పరుస్తాయి.

వ్యాక్యూమ్ కూడా లేనివాళ్లకు పైసా ఖర్చులేని దారి ఉంది. శాండింగ్ పని వేపచెట్టు కిందికి తీసుకుపోవడమే. ఫ్యాను పెట్టుకుంటే అది పక్కనుంచి వీచాలి. వెనకనుంచి వీస్తే మన ఒంటి ముందు సుడి తిరిగి దుమ్ము ముఖానికే లేస్తుంది. తూర్పారబట్టేవాళ్లు గాలికి అడ్డంగా పక్కకు తిరిగి నిలబడేది ఊరికే కాదు.

పీవీసీ పైపులో స్టాటిక్ కరెంటు పుట్టి షెడ్డు పేలిపోతుందని చాలామందికి టెన్షన్. చెక్క దుమ్ము పేలాలంటే గాలిలో ఘనపు మీటరుకు సుమారు 40 గ్రాములు ఉండాలి. ఇందాకటి 3 మిల్లీగ్రాములకు అది పదమూడు వేల రెట్లు. ఇంటి షెడ్డులో, రెండంగుళాల పైపుతో, అంత మబ్బు లేవదు. ఎండాకాలం పైపు ముట్టుకుంటే చిన్న షాక్ తగులుతుంది. రాగి తీగ చుట్టి ఎర్త్‌కు కలిపితే అదీ తగ్గుతుంది. నిజమైన భయం నిప్పురవ్వది. పాత దూలాల్లో మిగిలిపోయిన మేకుకు బ్లేడు తగిలితే రవ్వ లేచి పైపు వెంబడి బకెట్‌లోకి పోతుంది. పొట్టులో అది మండదు, రాజుకుంటుంది. గంటల తర్వాత, మనం నిద్రపోయాక, అంటుకుంటుంది. అందుకే గ్రైండర్‌తో ఇనుము కోసేటప్పుడు ఈ వ్యాక్యూమ్ తగిలించను. పాత కలప కోసిన రాత్రి బకెట్ బయట ఖాళీ చేయకుండా పడుకోను. కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. 1,400 వాట్ల వ్యాక్యూమ్, 1,200 వాట్ల కట్టర్ కలిసి 11 ఆంపియర్ల పైనే లాగుతాయి. 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, చిన్న సాకెట్‌లో పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్స్ కరిగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ దుమ్ము రేగేది బకెట్ ఖాళీ చేసేటప్పుడు, ఫిల్టర్ దులిపేటప్పుడు. మొదట్లో ఫిల్టర్‌ను షెడ్డు గోడకేసి కొట్టేవాణ్ని. పట్టిందంతా మళ్లీ పీల్చుకోవడమే అది. కాగితం మడతలు కూడా చిరిగాయి. ఇప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుని, ఆరుబయట, మెత్తని బ్రష్‌తో దులుపుతాను. మాస్క్ కూడా ముఖానికి అతుక్కుని ఉంటేనే పనిచేస్తుంది, గడ్డం పెంచితే పక్కలనుంచి గాలి దూరుతుంది. బకెట్‌లో ముందే సంచి తొడిగి, తీసేముందు కాస్త నీళ్లు చిలకరిస్తే పొడి లేవదు.

ఆ పొట్టుకు గిరాకీ ఉంది. మా చిన్నప్పుడైతే పొట్టు పొయ్యిలో మధ్యన సీసా నిలబెట్టి చుట్టూ కూరి, సీసా తీసేసి అంటించేవాళ్లు. ఒక్కసారి కూరితే పూట వంట అయ్యేది. ఇప్పుడు హసన్‌పర్తి వైపు కోళ్ల షెడ్డు ఉన్న బంధువు నేల మీద పరచడానికి అడిగి తీసుకుపోతాడు. ఆయనకిచ్చేది తడి చిలకరించని పొడి పొట్టే. తడిది బూజు పడుతుంది, కోళ్లకు మంచిది కాదు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ కోసిన రోజు బకెట్‌కు ఎర్ర టేపు చుట్టి పెడతాను, ఆ సంచి కోళ్లకు పోదు, పొయ్యిలోకీ పోదు.